అవుటైనవాణ్ణి ఎవరు లేపాలి?

 

ఈ నెల గోడపత్రికకి ఆటల మీద ఏదైనా రాయమని సంపాదక వర్గం వాళ్ళు నన్ను అడిగారు. "క్రికెట్ మాత్రం వద్దు, పోయిన మూడు సంచికల్లోనూ అదే వేశాం" అన్నారు. సరే అని కబడ్డీ మీద రాస్తున్నాను. నా చేతిరాత ఎలా ఉంటుందో మీకు తెలుసు, కొంచెం ఓపిక పట్టండి. మధ్యలో మెస్ బెల్లు కొడితే తినేసి వచ్చి మళ్ళీ చదవండి. చివరి పేరా మాత్రం వదిలిపెట్టొద్దు. అసలు సంగతి అక్కడే ఉంది.

2024 అక్టోబర్ 18, శుక్రవారం మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. దసరా సెలవులకి ఇళ్ళకి పోయి, ట్రంకు పెట్టెలతో తిరిగొచ్చిన వారం అది. అప్పుడు మేం పదో తరగతి. ప్రో కబడ్డీ లీగ్ పదకొండో సీజన్ ఆ రోజే మన హైదరాబాద్‌లో, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో మొదలైంది. పి.ఇ.టి. సార్ మా కబడ్డీ జట్టుని తీసుకెళ్ళారు. బాలానగర్‌లో బస్సెక్కి, కూకట్‌పల్లి దాటి, హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య నుంచి పోయాం. ఆ మేడలు చూసి ఒకడు "అరేయ్, వీటిని తుడిచేటోళ్ళు ఎట్ల ఎక్కుతరు రా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ మాట అన్నవాడి గురించే ఈ వ్యాసం. వాడి పేరు రాయను. ఇంటర్ వాళ్ళకి, పదో తరగతి వాళ్ళకి ఎలాగూ తెలుసు.

ఆ రాత్రి మొదటి ఆట మన తెలుగు టైటాన్స్‌కీ బెంగళూరు బుల్స్‌కీ. ఇటు పవన్ సెహ్రావత్, అటు పర్దీప్ నర్వాల్. టైటాన్స్ 37-29తో గెలిచింది. మావాడు మన హాస్టల్ జట్టులో లెఫ్ట్ కార్నర్ ఆడేవాడు కదా, రైడర్లని వదిలేసి కార్నర్ వాళ్ళ కాళ్ళే చూస్తూ కూర్చున్నాడు. "వాడు ముందుగాల కదల్తలేడు చూడు. రైడర్ కాలు లేపినంక కదుల్తున్నడు" అని నాకు చెప్పాడు. తిరిగొచ్చేసరికి బాగా పొద్దుపోయింది. వార్డెన్ సార్ అన్నం, సాంబారు, గుడ్లు తీసి మూతపెట్టి ఉంచారు. ఆ సంగతి మేం మర్చిపోలేదు సార్.

ఇక ఆ గెలుపు ఎందుకంత పెద్దదో చెప్తాను. అంతకు ముందు మూడేళ్ళు మన టైటాన్స్ పరిస్థితి ఇదీ:

8వ సీజన్ (2021-22): 22 ఆటలు, 1 గెలుపు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.
9వ సీజన్ (2022): 22 ఆటలు, 2 గెలుపులు. మళ్ళీ పన్నెండో స్థానం.
10వ సీజన్ (2023-24): 22 ఆటలు, 2 గెలుపులు. మళ్ళీ అదే పన్నెండు!

కూడితే 66 ఆటలకి 5 గెలుపులు. మన యూనిట్ టెస్టుల్లో ఇలాంటి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి ఏమంటామో మీకే తెలుసు. పదో సీజన్‌లో ఇంకో అవమానం కూడా జరిగింది. ఆ సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న హైదరాబాద్‌లోనే పెట్టారు. ఊరు మనది, స్టేడియం మనది, కప్పు కోసం ఆడింది మాత్రం పుణేరి పల్టన్, హర్యానా స్టీలర్స్. పల్టన్ 28-25తో గెలిచింది. పెళ్ళి మన ఇంట్లో, విందు పక్కింటోళ్ళకి అన్నట్టు అయింది.

అలాగని మొదటి నుంచీ చేతకాని జట్టేమీ కాదు. రాహుల్ చౌదరి రైడింగ్ చేసిన రోజుల్లో, 2015లో జరిగిన రెండో సీజన్‌లో మూడో స్థానం తెచ్చుకుంది. 2016లో నాలుగో సీజన్‌లో సెమీఫైనల్ దాకా వచ్చింది. బాగా ఆడినవాళ్ళే పడిపోయారు. పడిపోయేవాడు ఎప్పుడూ చేతకానివాడే అయి ఉండాలని లేదు.

2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి కొన్నది. అదే సంవత్సరం అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం ఇరాన్‌ని 33-29తో ఓడించి బంగారు పతకం తెస్తే, ఆ జట్టుకి కెప్టెన్ ఈ పవనే. అంతటి ఆటగాడు వచ్చినా పదో సీజన్‌లో గెలుపులు రెండే. ఒక్కడు ఎంత గొప్పవాడైనా ఏడుగురి ఆట ఒక్కడే ఆడలేడని అక్కడ తేలిపోయింది.

పదకొండో సీజన్‌కి కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. ఎనిమిదో సీజన్‌లో దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిన కోచ్ ఆయనే. సీజన్ మధ్యలో పవన్‌కి దెబ్బ తగిలింది. ఇంకేముంది, మళ్ళీ పన్నెండే అనుకున్నాం. కానీ విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ లాంటి వాళ్ళు రైడింగ్ భారం ఎత్తుకున్నారు. చివరికి 22 ఆటల్లో 12 గెలిచారు. పోయిన మూడు సీజన్లు కలిపి 5, ఈ ఒక్క సీజన్‌లో 12!

అయినా ప్లే ఆఫ్స్‌కి పోలేదు. అప్పట్లో మొదటి ఆరు జట్లే పోయేవి. ఆరో స్థానంలో ఉన్న జైపూర్ పింక్ పాంథర్స్‌కి 70 పాయింట్లు, ఏడో స్థానంలో ఉన్న మనకి 66. నాలుగు పాయింట్లు తక్కువ. కప్పు డిసెంబర్ 29న పుణెలో హర్యానా స్టీలర్స్ ఎత్తుకుపోయింది.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. అప్పటి నియమం ప్రకారం గెలిస్తే 5 పాయింట్లు, సమానమైతే 3. ఏడు గానీ అంతకంటే తక్కువ గానీ తేడాతో ఓడితే ఓడినవాడికి కూడా 1 పాయింటు. 12 గెలుపులకి 60. మిగతా 6 ఎక్కడి నుంచి వచ్చాయి? ఓడిన పది ఆటల్లో ఆరింటిలో దగ్గరదాకా వచ్చి ఓడినందుకు వచ్చాయి. ఓడిపోయినా "నువ్వు బాగానే పోరాడావు" అని లీగ్ వాళ్ళు లెక్కలో రాసిపెట్టారు. పదకొండో సీజన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ఒక్క పాయింటే.

మావాడి సంగతికి వస్తాను. 2025 పదో తరగతి ఫలితాల్లో వాడికి లెక్కల్లో 31 వచ్చాయి. ముప్పై అయిదు కావాలి. మిగతా అన్ని సబ్జెక్టుల్లో పాసయ్యాడు. వాడికీ నాలుగే తక్కువ! కానీ మన దగ్గర దగ్గరదాకా వచ్చినవాడికి పాయింటేమీ లేదు. ఫెయిల్ అంటే ఫెయిల్. బోర్డు మీద పాసైన వాళ్ళ పేర్లు ఒక పక్క, తప్పిన వాళ్ళ పేర్లు ఇంకో పక్క రాశారు. రెండో పక్క మూడే పేర్లున్నాయి. మూడే కాబట్టి అందరూ చదివారు. నేను కూడా చదివాను. జూన్‌లో సప్లిమెంటరీ ఉంది గానీ వాడు ఫీజు కట్టలేదు. తండాకి పోయాడు. తర్వాత తిరిగి ఇక్కడికే వచ్చాడు గానీ హాస్టల్‌కి కాదు. బాలానగర్‌లోనే ఒక లేతు వర్క్‌షాపులో పనికి కుదిరాడు.

ఆ పని తక్కువదని నేను అనడం లేదు. మన బాలానగర్ బతుకుతున్నదే ఆ మిషన్ల మీద. స్టడీ అవర్‌లో మనకి వినిపించే ఆ గరగర చప్పుడు ఎవరో ఒకరి ఇంటి బియ్యం. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఇదే బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968 నుంచి ఉంది. అక్కడ టూల్, డై, మోల్డుల తయారీలో డిప్లొమా చెప్తారు. అందులో చేరాలంటే పదో తరగతి పాస్ కావాలి. ఇప్పుడు మావాడు ఊడ్చే ఇనుప రజను, తుడిచే మిషను, అవే పనులని అక్కడ చదువుగా నేర్పుతారు. వాడికీ ఆ గేటుకీ మధ్య ఉన్నది నాలుగు మార్కులు.

మన ఊళ్ళల్లో చెడుగుడు ఆడినప్పుడు అవుటైనవాణ్ణి "సచ్చిండు" అంటాం. కానీ వాడు ఇంటికి పోడు. గీత బయట కూర్చుంటాడు, కాళ్ళు మట్టిలో పెట్టుకుని చూస్తూ ఉంటాడు. మనవాడొకడు కూతకి పోయి అవతలోణ్ణి ముట్టుకొస్తే "లేసిండు!" అని అరుస్తాం. చచ్చినవాడు లేచి వస్తాడు. ప్రో కబడ్డీలో మ్యాట్ ఉంది, లైట్లు ఉన్నాయి, కోట్లు ఉన్నాయి గానీ ఈ నియమం మాత్రం మన ఊరి మట్టిలో ఉన్నదే. ముందు అవుటైనవాడు ముందు లేస్తాడు. లేచేది వాడే అయినా లేపేది వాడు కాదు. బయట కూర్చున్నవాడు తనంతట తాను ఒక్క అంగుళం కూడా లోపలికి రాలేడు. లోపల ఉన్నవాళ్ళు పాయింటు తేవాలి.

మావాడు ఇప్పుడు గీత బయట కూర్చున్నాడు. లోపల ఉన్నది మనం. నా అభిప్రాయం ఇదే.

కబడ్డీకి దగ్గర చుట్టంలాంటి ఆట రగ్బీ లీగ్. బంతి పట్టుకుని ఉరికేవాణ్ణి అవతలివాళ్ళు చుట్టుకుని పడగొడతారు. ఆస్ట్రేలియాలో ఆ ఆట పెద్ద లీగ్‌ని ఎన్.ఆర్.ఎల్. అంటారు. అక్కడ సిడ్నీ జట్టు ఒకటి ఉంది, వెస్ట్స్ టైగర్స్. 2005లో కప్పు గెలిచిన జట్టు. కానీ 2022, 2023, 2024 మూడేళ్ళూ వరసగా చివరి స్థానమే. మన టైటాన్స్ లాగే! అక్కడ చివర నిలిచినవాళ్ళకి "చెక్క గరిటె" వచ్చిందని వెక్కిరిస్తారట. పి.ఇ.టి. సార్ ఈ మాట చెప్పినప్పుడు మేం తెగ నవ్వుకున్నాం. మన మెస్‌లో అయితే గరిటె పట్టుకున్నవాడే రాజు! కానీ వెక్కిరించినా, మూడు గరిటెలు చేతిలో పెట్టినా, ఆ జట్టుని లీగ్ నుంచి తీసేయలేదు. నాలుగో ఏడు కూడా మొదటి ఆటకి పిలిచారు. 2025లో వాళ్ళు చివరి స్థానం నుంచి బయటపడ్డారు.

మన టైటాన్స్‌ని కూడా ఎవరూ తీసేయలేదు. పన్నెండో స్థానం వచ్చిన ప్రతిసారీ తర్వాతి సీజన్‌లో సున్నా నుంచి మొదలుపెట్టనిచ్చారు. అందుకే పదకొండో సీజన్ వచ్చింది. అందుకే 2025లో పన్నెండో సీజన్‌లో విజయ్ మలిక్ కెప్టెన్‌గా ప్లే ఆఫ్స్‌కి పోయి, ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద పుణేరి పల్టన్ చేతిలో ఆగారు. మూడో ఏడు "ఇక వీళ్ళు రానక్కర్లేదు" అని ఉంటే ఇదంతా మనం చూసేవాళ్ళమా?

మీరు అడగొచ్చు, "పన్నెండో సీజన్‌లో ఆ ఒక్క పాయింటు నియమం తీసేశారు కదా?" అని. నిజమే. 2025లో గెలిస్తే 2, ఓడితే సున్నా అన్నారు. నాకది నచ్చలేదు. అయినా వాళ్ళది టీవీ ఆట, తొందరగా ఎవడో ఒకడు గెలవాలి. మనది హాస్టల్. మన అమ్మానాన్నలు మనల్ని ఇక్కడ వదిలింది గెలిచినవాళ్ళని లెక్కపెట్టుకోడానికి కాదు. ఇంకో మాట, ఒక్క పాయింటు తీసేశారు గానీ అవుటైనవాడు లేచే నియమాన్ని వాళ్ళు కూడా ముట్టుకోలేదు. దాన్ని తీసేస్తే అది కబడ్డీయే కాదు.

పోయిన నెల ఒక ఆదివారం ఔటింగ్‌కి పోయినప్పుడు ఫ్లైఓవర్ కింద టీ బండి దగ్గర మావాడు కనపడ్డాడు. చేతులు నల్లగా ఉన్నాయి. నన్ను చూసి ముందు పక్కకి తిరిగాడు. తర్వాత వాడే టీ ఇప్పించాడు. "హాస్టల్‌కి రా రా ఒకసారి" అన్నాను. "నా పేరు బోర్డు మీద రాసిన్రు గద. మల్ల ఆ గేటు ముంగట ఎట్ల నిలబడాలె?" అన్నాడు. ఎంత అడిగినా ఒప్పుకోలేదు. చివరికి, మేం అయిదుగురం కలిసి ఫీజు సంగతి ముందే చూశామని, మార్చిలో లెక్కల పరీక్ష ప్రైవేటుగా రాయొచ్చని చెప్పాను. చాలాసేపు ఊరుకున్నాడు. "లెక్కలు ఎవరు చెప్తరు?" అన్నాడు. "నేను చెప్త" అన్నాను. "యాడ?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. వాడు ఉండేది వర్క్‌షాపు వెనక రేకుల గది, నలుగురితో. నేను ఉండేది ఇక్కడ. బయటివాళ్ళని లోపలికి రానివ్వరు.

వార్డెన్ సార్, మీరు ఇలా ఎందుకు పెట్టారో మాకు తెలుసు. మూడు వందల మంది పిల్లల బాధ్యత మీ మీద ఉంది. రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది మీరు. గేటు తెరిచిపెట్టమని నేను అడగడం లేదు. లెక్కల సార్ నాతో ఒక మాట అన్నారు, "గేటు దాటినోడు మళ్ళీ పుస్తకం పట్టడురా, నీ చదువు నువ్వు చూసుకో" అని. సార్ నా మంచి కోరే అన్నారు. అది నిజం అయిన సందర్భాలు కూడా సార్ చూసి ఉంటారు. కానీ మూడేళ్ళు వరసగా ఓడినవాళ్ళ గురించి కూడా అందరూ అదే అన్నారు సార్.

నేను అడిగేవి రెండే.

ఒకటి. ఆదివారం పది నుంచి ఒంటిగంట వరకు మావాణ్ణి గేటు పక్కన వరండాలో కూర్చోనివ్వండి. రిజిస్టర్‌లో సంతకం పెడతాడు. గదుల్లోకి రాడు, మెస్‌లోకి రాడు. వాచ్‌మన్ తాతకి ఎదురుగానే ఉంటాం. లెక్కలు నేను చెప్తాను, ఇంకో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. చెప్తే మాకూ పాత లెక్కలు గుర్తుంటాయి కాబట్టి మా చదువు పాడవదు.

రెండు. ఈసారి ఫలితాలు వచ్చినప్పుడు బోర్డు మీద రెండో పక్క రాయొద్దు. తప్పినవాళ్ళని పిలిచి, సప్లిమెంటరీ ఎప్పుడు, ఫీజు ఎప్పటిలోపు కట్టాలి, ఏ సార్ దగ్గర కూర్చోవాలి అని ఒక కాగితం మీద రాసివ్వండి చాలు. ఇంటికి పోయేటప్పుడు వాడి చేతిలో ఆ కాగితం ఉండాలి.

మిత్రులారా, మీకూ ఒక మాట. సార్లు ఒప్పుకున్నా సరే, వాడు వచ్చినప్పుడు మనం "ఏం రా, ఫెయిల్!" అంటే వాడు రెండో ఆదివారం రాడు. సరదాకి కూడా అనొద్దు. వాడు మన జట్టు లెఫ్ట్ కార్నర్. మనం జోనల్స్‌లో గెలిచిన ఆటలో ఆఖరి రైడర్ మడమ పట్టింది ఎవరో గుర్తు చేసుకోండి.

వచ్చే ఆదివారం పది గంటలకి గేటు దగ్గరికి రమ్మని వాడికి చెప్పాను. పాత లెక్కల పుస్తకం తెచ్చుకుంటానన్నాడు. లోపలికి రానిస్తారా లేదా అని వాడు అడగలేదు, నేను చెప్పలేదు. శనివారం సాయంత్రం రోల్ కాల్ లోపు వార్డెన్ సార్ ఒక్క మాట చెప్తే బాగుంటుంది.

రాసిన దాంట్లో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఇట్లు,
మీ మిత్రుడు,
ఇంటర్ మొదటి సంవత్సరం,
4వ నంబరు గది.